గొడుగు తెరుచుకోని పొద్దున

ట్రామ్ స్టాప్‌లో జనం మధ్య నిలబడ్డ గడియారాల మేస్త్రి తన చేతి గడియారం పక్కనున్న బటన్‌ని గట్టిగా నొక్కాడు. ఏమీ జరగలేదు. ఎదురుగా వస్తున్న బూడిదరంగు కోటు మనిషి ఇంకా జేబులోంచి చెయ్యి తియ్యలేదు. మేస్త్రి మళ్ళీ నొక్కాడు. వెనక సందులోకి దూసుకురావాల్సిన కారు రాలేదు. దానంతట అదే పైకి లేచి అతన్ని లోపలికి తీసుకోవాల్సిన పక్క గోదాము షట్టరు కదల్లేదు. అతను ఇంకోసారి నొక్కుతుండగా, ఎవరో దగ్గినంత చప్పుడుతో సైలెన్సర్ తుపాకీ పేలింది.

ట్రామ్ వచ్చింది. జనం ఎక్కారు. మేస్త్రి మాత్రం బెంచీకి చేరగిలబడి, కునుకు తీస్తున్నవాడిలా ఉండిపోయాడు.

గడియారాల దుకాణం అతని మారువేషం. అసలు అతను గూఢచారి శాఖ ఏజెంటు. అతని చావు కబురు అందగానే శాఖని నడిపే పెద్దాయన మొదట పిలిపించింది ‘సూది’ని. శాఖలో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. చనిపోయినవాడు ఆమెకు సొంత మేనమామ. తండ్రి పోయాక ఆమెని పెంచిందీ, చదివించిందీ ఆయనే.

“కూర్చో,” అన్నాడు పెద్దాయన.

“కూర్చోను సార్. విషయం చెప్పండి.”

“గొడుగు తెరుచుకోలేదు. ఎందుకో ఇంకా తెలీదు.”

‘గొడుగు’ అంటే శాఖ నడిపే ఆటోమేటిక్ వర్క్‌ఫ్లో. ప్రమాదంలో పడ్డ ఏజెంటు గడియారం బటన్ నొక్కితే చాలు. ఎవరి ఆర్డరూ అక్కర్లేకుండా దగ్గర్లోని షట్టర్లు, లైట్లు, గార్డులు, కారు వరసగా పనిలోకి దిగాలి.

“మధ్యాహ్నం రైలుకి కెమిస్ట్ వస్తున్నాడు, కూతుర్ని వెంటబెట్టుకుని,” అన్నాడు పెద్దాయన. “ఆకురాయి ముఠా అమ్మజూస్తున్న విషవాయువు ఫార్ములా అతని బుర్రలో ఉంది. వాళ్ళు అతన్ని స్టేషన్ దాటనివ్వరు. అతని చేతికి కట్టిందీ అలాంటి గడియారమే.”

“రావద్దని చెప్పండి.”

“ప్లాన్ ప్రకారం ఫోన్ పారేశాడు. మనుషుల్ని దింపుదామంటే, స్టేషన్‌లో అనుమానంగా ఎవరు కనపడ్డా తిరిగి రైలెక్కేస్తానని ముందే చెప్పాడు. రిసీవ్ చేసుకునేది నెమలి ఒక్కతే.”

నెమలి డబుల్ ఏజెంటు. విదేశీ వాణిజ్య కార్యాలయంలో దుబాసీగా ఉంటూ, ఆకురాయి ముఠాకి పనిచేస్తున్నట్టు నటించి, వాళ్ళ రహస్యాలు శాఖకి చేరవేస్తుంది. ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళు చెబుతున్న మాట మర్చిపోతారు.

పక్కనే నిలబడ్డ డిప్యూటీ డైరెక్టర్ టై సర్దుకున్నాడు. “ఇదొక చిన్న టెక్నికల్ ఇష్యూ. టెక్నికల్ టీమ్ చూస్తోంది.”

“మార్చురీలో ఉన్న మా మామయ్యని కూడా టెక్నికల్ టీమే చూస్తోందా సార్?”

డిప్యూటీ కిటికీలోంచి బయటికి చూశాడు.

కంట్రోల్ రూమ్‌లో చీఫ్ ఇంజినీరు ఒక్కడే స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నాడు. అతన్ని ‘ప్లగ్గు’ అంటారు. చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది.

“ఇదిగో, చూడు,” అంటూ స్క్రీన్ మీది స్విచ్‌ని ఆన్ చేశాడు. పచ్చగా వెలిగింది. సూది ఊపిరి పీల్చుకునేలోపే వెనక్కి పడి బూడిదరంగుకి తిరిగింది. “పొద్దుట్నుంచీ ఇదే వరస.”

“లైసెన్సు?”

“ఉంది.”

“నెట్‌వర్క్?”

“బాగుంది. అన్నీ చూశాను.”

“చూడకుండా వదిలేసిందేంటి?”

ప్లగ్గు టీ కప్పు పక్కన పెట్టాడు. “ఓనర్. ప్రతి వర్క్‌ఫ్లోకీ ఒక ఓనర్ ఉంటాడు. దాని తాళాలన్నీ ఆయన పేరు మీదే తెరుచుకుంటాయి. ఆయన ఎకౌంట్ మూసేస్తే ఇది చచ్చినా లేవదు.”

“ఎవరా ఓనర్?”

“మీ మామయ్య.”

సూది స్క్రీన్ మీది స్విచ్ వంక చూసింది.

“దీన్ని కట్టిందే ఆయన. ఫీల్డుకి వెళ్ళకముందు నా సీట్లో ఉండేది ఆయనే కదా. ఆయన మారువేషంలోకి వెళ్ళిన రోజే, రహస్యం పొక్కకూడదని పేరు తీసేసి, ఎకౌంట్ మూసేశారు. గొడుగు ఆ రోజే ఆగిపోయింది. గోడ మీది ప్యానెల్‌లో లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఎవరూ గమనించలేదు.”

“అంటే మొదటి రోజు నుంచీ ఆయన ఉత్త బటన్ చేతికి కట్టుకుని తిరిగాడు.”

“అవును.”

“ఇది పనిచెయ్యట్లేదని నీకెప్పుడు తెలిసింది?”

“పోయిన నెల టెస్ట్ చేస్తే. కంప్లైంట్ పెట్టాను. ‘పరిష్కారమైంది’ అని డిప్యూటీ క్లోజ్ చేశారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ క్లోజ్ చేశారు.”

“మళ్ళీ ఎందుకు పెట్టలేదు? ఆ దుకాణానికి నడిచివెళ్ళి ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?”

ఆమె కొట్టి ఉంటే బాగుండుననిపించింది ప్లగ్గుకి. ఆమె కొట్టలేదు. అతని కుర్చీని కాలితో స్క్రీన్ వైపు తిప్పింది. “ఓనర్‌ని మార్చు. నా పేరు పెట్టు.”

“దానికి ముందు పాత ఎకౌంట్‌ని కాసేపు తెరవాలి. డిప్యూటీ వేలిముద్ర కావాలి.”

డిప్యూటీ వచ్చాడు గానీ వేలు పెట్టలేదు. “చనిపోయిన ఉద్యోగి ఎకౌంట్ తెరవాలంటే కమిటీ ఆమోదం కావాలమ్మా. సోమవారం కూర్చుంటాం.”

సూది తలుపు గడియ పెట్టింది. “గొడుగు పనిచెయ్యట్లేదని మీకు తెలుసు. ఇంకెవరికి చెప్పారు?”

“ఎవరికి చెబుతాను? ఆఫీసు విషయం.”

“హంతకుడు పట్టపగలు, అంతమంది మధ్యలో, తాపీగా నడుచుకుంటూ వచ్చాడు సార్. బటన్ పలకదని వాడికి తెలుసు. ఎవరికి చెప్పారు?”

డిప్యూటీ మొహంలో రంగు దిగిపోయింది. “మన మనిషికే. నెమలికి. తనకేమన్నా అయితే ఎవరు కాపాడతారని భయపడుతుంటే, రిపేర్‌లో ఉంది, సోమవారానికి బాగవుతుంది, కంగారుపడకు అన్నాను. అంతే.”

“ఎక్కడ అన్నారు?”

“హోటల్లో. భోజనానికి వెళ్ళినప్పుడు.”

ఆ మాట అన్నాక గానీ అతనికి తను ఏం చెప్పాడో అర్థం కాలేదు. సూది అతని మణికట్టు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని, అతని బొటనవేలిని రీడర్ మీద నొక్కింది.

“కమిటీ కూర్చుంది అనుకోండి,” అంది.

మేనమామ ఎకౌంట్ తెరుచుకుంది. ప్లగ్గు గొడుగుని ఆమె పేరుకి మార్చి, ఆ ఎకౌంట్‌ని మళ్ళీ మూసేశాడు. స్విచ్ వేశాడు. పచ్చగా వెలిగింది. వెనక్కి పడింది.

సూది బల్ల మీద గుద్దిన గుద్దుకి కప్పు కిందపడి పగిలింది. “ఇప్పుడేమైంది దీనికి?”

“ఆగు. ఒక్కో స్టెప్పూ విడిగా నడిపిస్తాను.” ప్లగ్గు నుదుటి మీద చెమట కారుతోంది. “షట్టర్లు, ఓకే. లైట్లు, ఓకే. గార్డులకి మెసేజ్, ఓకే. కారు...” స్క్రీన్ ఎర్రబడింది. “డ్రైవర్ నంబరు ఎవరో మార్చేశారు. లేని నంబరు ఇది. ఒక్క స్టెప్ తప్పున్నా మొత్తం వర్క్‌ఫ్లో లేవదు.”

“ఎవరి లాగిన్?”

ప్లగ్గు డిప్యూటీ వైపు చూశాడు.

“నా లాప్‌టాప్ తెరిచే ఉంది,” అన్నాడు డిప్యూటీ గొణుగుతూ. “నేను స్నానానికి వెళ్ళాను.”

“భోజనానికి అన్నారు,” అంది సూది. అతని వంక ఇక చూడలేదు. “నంబరు సరిచెయ్యొచ్చా?”

“డ్రైవర్‌ని కొత్తగా రిజిస్టర్ చెయ్యాలి. రేపటిదాకా అవ్వదు.”

“ఆ స్టెప్ తీసెయ్.”

“తీసేస్తే కెమిస్ట్‌ని స్టేషన్‌లోంచి బయటికి తెచ్చేదెవరు?”

“నేను. పెద్దాయనకి నెమలి సంగతి చెప్పు.” అప్పటికే ఆమె మెట్లు దిగుతోంది.

స్టేషన్‌లో నీలం యూనిఫాం వేసుకున్న మనిషిని ఎవరూ తలెత్తి చూడరు. సూది టోపీ కిందికి లాక్కుని, బకెట్‌తో, తుడుపుకర్రతో ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి రైలు ఆగుతోంది. చెవిలో ఇయర్‌పీస్ ఉంది.

స్తంభం దగ్గర పచ్చటి సిల్కు కోటులో నెమలి నిలబడి ఉంది. రైలు దిగిన సన్నటి, కళ్ళద్దాల మనిషి ఆమె దగ్గర ఆగాడు. ఒక చిన్నపిల్ల అతని చిటికెనవేలు పట్టుకుని ఉంది.

“ఈ రైలు ఎప్పుడూ ఆలస్యమేనండీ,” అంది నెమలి.

“క్షేమంగా చేరిస్తే చాలు,” అన్నాడు కెమిస్ట్.

కోడ్ సరిపోయింది. అతని భుజాలు కాస్త సడలాయి. నెమలి నవ్వుతూ పిల్ల చెయ్యి అందుకుని, సామాన్ల గదుల వైపు పోయే ఇరుకు దారిలోకి నడిపించింది. ఆ దారి చివర బూడిదరంగు కోటు మనిషి గోడకి ఆనుకుని ఉన్నాడు.

కెమిస్ట్ వాణ్ణి చూశాడు. వాడి చెయ్యి జేబులో ఉండటం చూశాడు. గడియారం బటన్ నొక్కాడు.

“సిగ్నల్ వచ్చింది,” ఇయర్‌పీస్‌లో అన్నాడు ప్లగ్గు. “కానీ గొడుగు ఇంకా ఆన్ కాలేదు. కారు స్టెప్ తీసేసిన మార్పు సేవ్ అవుతోంది.”

“మరి అతను నొక్కింది?” అంది సూది పెదవులు కదపకుండా.

“పోయింది. ఆన్ అయ్యాక మళ్ళీ నొక్కాలి.”

కెమిస్ట్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. పొద్దున ట్రామ్ స్టాప్‌లో మామయ్య మొహం ఎలా ఉండి ఉంటుందో సూదికి అప్పుడు తెలిసింది. బకెట్‌ని ఒక్క తన్ను తన్నింది. సబ్బునీళ్ళు కెమిస్ట్ బూట్ల మీదుగా పారాయి. అతను ఆగిపోయాడు.

“తప్పైపోయిందండీ, తప్పైపోయింది,” అంటూ ఆమె అతని ముందుకి వచ్చి తుడవసాగింది.

“కళ్ళు కనపడవా?” అంది నెమలి. “జరుగు.”

దారి చివర కోటు మనిషి గోడని వదిలి రెండడుగులు ముందుకి వేశాడు. జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది.

“వేశాను,” అన్నాడు ప్లగ్గు. “పచ్చగా ఉంది. ఆగు... పడలేదు. నిలబడింది సూదీ, ఆన్‌లోనే ఉంది.”

సూది కెమిస్ట్ మణికట్టు పట్టుకుంది. “టైమెంతయిందండీ?” అంటూ బటన్‌ని తనే నొక్కింది.

లైట్లు ఆరిపోయాయి. ఇనుప షట్టరు కప్పులోంచి పిడుగులా దిగింది. అవతలి వైపు నుంచి రెండు తూటాలు దానికి తగిలి మోగాయి. ఆ వెంటనే గార్డుల బూట్ల చప్పుడు, ఒక అరుపు, పెనుగులాట.

ఎమర్జెన్సీ లైటు వెలిగేసరికి నెమలి పిల్లని దగ్గరికి లాక్కుని, లిప్‌స్టిక్ గొట్టాన్ని ఆ పసిమెడకి ఆనించింది. దానిలో ఒకే ఒక్క తూటా పడుతుంది. సూది బేరమాడలేదు. తుడుపుకర్రతో ఆమె మోచేతి కింద కొట్టింది. తూటా పైకప్పుకి తగిలి సున్నం రాలింది. పిల్ల తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

నేలమీద సబ్బునీళ్ళలో కూలబడ్డ నెమలి జుట్టు వెనక్కి తోసుకుంది. “ఇది సోమవారందాకా బాగవదని చెప్పాడు మీ డిప్యూటీ.”

“ఆయన మాట నమ్మిందానివి నువ్వొక్కదానివే.” సూది ఆమె మీదికి వంగింది. “పొద్దున మా మామయ్య బటన్ నొక్కుతూనే ఉన్నాడు.”

“తెలుసు. ట్రామ్‌లోంచి చూశాను.”

కర్ర పైకి లేచింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. సూది చాలాసేపు కర్రని అలాగే పట్టుకుని, చివరికి దించి, నెమలి చేతులకి బేడీలు వేసింది.

తండ్రీకూతుళ్ళని తన సొంత కారులో పెద్దాయన దగ్గర దింపి, ఆమె నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఇల్లంతా మనుషులు. అత్తయ్య లోపలి గదిలో, మంచం పట్టె మీద, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. ఏడ్చిన కళ్ళు, కానీ వాటిలో ఇంకేదో ఉంది. సూదిని చూడగానే లేచింది.

“పొద్దున మీ పెద్దాయనొచ్చి, మీ మామయ్య పోయాడని చెప్పి వెళ్ళాడే. తర్వాత ఇదొచ్చింది. వీళ్ళెవరికీ చూపించలేదు. ఒకసారి చదువు.”

సూది ఫోన్ అందుకుంది. శాఖ నుంచి, మామయ్య పేరు మీద, ఆయనిచ్చిన ఇంటి నంబరుకి వచ్చిన మెసేజ్ అది. ‘మీ ఎకౌంట్ తిరిగి తెరవబడింది. మళ్ళీ విధుల్లోకి స్వాగతం.’

“ఏంటే అది?” అత్తయ్య ఆమె భుజం పట్టుకుంది. “ఆయన ఉన్నాడా? ఎక్కడన్నా దాచారా?”

“లేదత్తయ్యా. మామయ్య లేడు.”

“మరి ఇదెవరు పంపారు?”

సూది ఆమెని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

“ఎవరూ పంపలేదు, దానంతటదే వచ్చింది,” అంది. “మా ఆఫీసులో టైముకి పనిచేసేది ఇదొక్కటే.”