రెండో కాపలా

పెద్దాయన కుర్చీలోనే పోయాడు. చేతిలో ఫోన్ అలాగే ఉంది. అంబులెన్సు కోసం మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ వేచి ఉండమన్న రికార్డే పలికింది. మర్నాటిదాకా పక్కింటివాళ్లకు తెలియనే లేదు.

ఇన్‌స్పెక్టర్ ఆ ఇంట్లో ఎక్కువసేపు నిలబడలేకపోయింది. వంటగదిలో ఒకే కంచం, ఒకే గ్లాసు. ఆమె ఇంట్లోనూ అంతే.

అంబులెన్సు కంట్రోల్ రూములో మేనేజరు అప్పటికే దోషిని తేల్చేసి కూర్చున్నాడు. మేనేజర్లకు దోషులు తొందరగా దొరుకుతారు.

"కరెంటు పోయి, కాల్స్ నడిపే మెయిన్ డేటాబేస్ పడిపోయింది మేడమ్. అవతలి బిల్డింగులో దాని బదులు పనిచేసే స్టాండ్‌బై ఉంది. మెయిన్ పడగానే దాన్ని లేపడానికి రెండు కాపలా మెషీన్లున్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఒకటి పోయినా రెండోది చూసుకుంటుంది. రెండూ పలకలేదంటే ఎవరో ఆపినట్టే. డ్యూటీలో ఉన్నది ఇతనొక్కడే."

ఆపరేటర్ తల దించుకున్నాడు. నడివయసు మనిషి. ఆఫీసులో అందరూ మౌనస్వామి అంటారు.

"ఆపావా?"

"లేదు మేడమ్."

"నీతో ఎవరున్నారు?"

"నాతో ఎప్పుడూ ఎవరూ ఉండరు మేడమ్."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఉద్యోగం పోవడమే కాదు, ఇతను జైలుకెళ్లినా అడిగేవాళ్లు లేరు.

ఆమె అవతలి బిల్డింగుకు వెళ్లింది. స్టాండ్‌బై నిక్షేపంగా ఉంది. పక్కనే ఒక ఖాళీ అర. అరలన్నిటి మీదా దుమ్ము పేరుకుంది. ఆ అర మీద మాత్రం పెట్టె అంత చోటు శుభ్రంగా ఉంది.

సాయంత్రం తిరిగొచ్చి, మెయిన్ డేటాబేస్ గది కూడా చూసి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"రెండో మెషీన్ అక్కడ లేదేం?"

మేనేజరు గొంతు తగ్గించాడు. "అంత దూరం వెళ్లి చూసే మనిషి లేడు మేడమ్. వీలుగా ఉంటుందని..."

"ఇక్కడికి తెచ్చి మొదటిదాని పక్కనే పెట్టించారు. మెయిన్ డేటాబేస్ గదిలోనే, అదే కరెంటు మీద. పడిపోయిందని చెప్పాల్సినవి కూడా దాంతోపాటే పడిపోయాయి. అక్కడ స్టాండ్‌బై పిలుపు కోసం చూస్తూ కూర్చుంది. ఇంట్లో పెద్దాయన ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు."

"ఆ పెట్టె ఏంటో నాకెవరూ చెప్పలేదు," అన్నాడు ఆపరేటర్ మెల్లగా.

"మీరు ఎవర్నీ చంపాలనుకోలేదు," అందామె మేనేజరుతో. "కానీ అన్నీ తెలిసి ఇతని మీదికి తోశారు. పదండి స్టేషనుకి."

మెట్ల దగ్గర ఆపరేటర్ చేతులు జోడించాడు.

"మీ ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగింది.

"ఒక్కణ్ణే మేడమ్. బస్‌స్టాండు వెనకాల."

"నేనూ ఒక్కదాన్నే. ఊరికి ఇటు చివర. కరెంటు లైను వేరు."

అతనికి అర్థమైంది. నవ్వాడు. ఆమె తన నంబరు ఇచ్చింది.

"రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ పెట్టండి. రాకపోతే వచ్చి తలుపు కొడతాను. నాది రాకపోతే మీరు రండి."

మర్నాడు ఆమె ఆ ఒక్క గ్లాసులో కాఫీ పోసుకుంటుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది.

"ఉన్నాను మేడమ్."

కాఫీ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, జవాబు కొట్టింది.

"నేనూ ఉన్నాను."