కొమ్ముకోట గోడ వెనుక పన్నెండుమంది

మూడు రోజుల ముసురుకు కొమ్ముకోట భోజనశాలలో పడమటి గోడ పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. సున్నం వెనుక నల్లరాతి ద్వారం బయటపడింది.

ఒకప్పుడది అడవి నడుమ, కొండ అంచున కట్టిన యుద్ధదుర్గం. యుద్ధాలు ముగిశాక, ఇప్పటి యజమానురాలు సుభద్రాయమ్మ మామగారి తాత దాని బురుజులు కూల్చి, బాణాలు వదిలే కంతలకు అద్దాల కిటికీలు పెట్టి, జమీందారీ విడిది మేడగా మార్చాడు. ఆ పని చేసిన రాతిపనివాళ్లలో పన్నెండుమంది ఇళ్లకు తిరిగి రాలేదు. పారిపోయారని దివాణం చెప్పింది. వారిలో ఒకడి మునిమనుమడు సింహాద్రి ఇప్పుడు గోడ బాగుచేయడానికి వచ్చి, గునపంతో ఆ ద్వారం తెరిచాడు.

"లోపల మెట్లున్నాయమ్మగోరూ. గాలి తగుల్తంది," అన్నాడు సుభద్రాయమ్మతో.

"అయితే దిగండి. ముందు వాడు, తరవాత మీరు," అన్న మాట వెనుకనుంచి వినిపించింది.

ఆమె మరిది తిరుపతిరాజు జోడుతుపాకితో గుమ్మంలో నిలబడ్డాడు. కోటలో దాచారన్న ధనం కోసం, అన్న పోయిన నాటినుంచీ అతను మేడలో గదిగదినా తవ్విస్తూనే ఉన్నాడు.

"ఇది నా ఇల్లు, తిరుపతీ. తుపాకి దించు," అన్నది సుభద్రాయమ్మ.

తుపాకి పేలింది. సింహాద్రి చెవి తమ్మె తెగి, మెడ మీదుగా రక్తం కారింది. ఆమె లాంతరు అందుకుంది.

మెట్లు కొండ కడుపులోకి దిగాయి. గబ్బిలాలు ముఖాలకు కొట్టుకున్నాయి. అడుగున విశాలమైన గుహ. దాని ఒక పక్క నేల చీలి, లోతున వాగు హోరెత్తుతోంది. గోడ వెంట ఇత్తడి కట్ల పెట్టెలు. ఒకటి చివికి పగిలి బంగారు నాణేలు కుప్పగా పడ్డాయి. పెట్టెల ముందు, కాళ్లకు గొలుసులతో, పన్నెండు అస్థిపంజరాలు. పక్కనే ఉలులు, సుత్తులు.

సింహాద్రి ఒక గొలుసును చేతిలోకి తీసుకున్నాడు. "పారిపోనేదమ్మా. మావోళ్లు పారిపోనేదు."

తిరుపతిరాజు ఒక పుర్రెను కాలితో తన్ని, "పెట్టె ఎత్తరా," అన్నాడు.

సింహాద్రి గునపం తిప్పి కొట్టాడు. తిరుపతిరాజు భుజం ఎముక పటుక్కున విరిగింది. రెండో గుండు సింహాద్రి తొడలో దిగింది. తిరుపతిరాజు బాకు దూసి అతని మీదికి ఉరికాడు. సుభద్రాయమ్మ లాంతరు విసిరింది. కిరసనాయిలు చిమ్మి తిరుపతిరాజు చొక్కా అంటుకుంది. మంటల్లోనే అతను ఆమె జడ పట్టి చీలిక వైపు ఈడ్చాడు. తడిరాయి మీద అతని కాలు జారింది; అంచుకింద వేలాడుతూ కూడా ఆమె జడను మాత్రం వదల్లేదు.

"లాగు వదినా," అన్నాడు.

ఆమె రాయిని తన్నిపట్టి లాగింది. అతని ఛాతీ అంచుపైకి వచ్చింది. మరుక్షణం విరిగిన భుజంతోనే చెయ్యెత్తి, బాకును ఆమె పక్కలోకి గుచ్చాడు.

ఆమె చేతికి పక్కనున్న సుత్తి తగిలింది. జడ పట్టిన వేళ్ల మీద ఒకసారి కొట్టింది. అవి విడలేదు. రెండోసారి కొట్టింది. తిరుపతిరాజు వాగులో పడిపోయాడు.

అంతలో పైన నానిన గోడ కూలి, మెట్ల దారి మూసుకుపోయింది. ఆమె చీర చింపి సింహాద్రి తొడకు, తన గాయానికి కట్లు కట్టింది. చీలిక వెంట సన్నని రాతి అంచు ఒకటి, దూరాన కనిపిస్తున్న పగటి వెలుగు వైపు సాగింది. "నన్నొగ్గేసి ఎలిపోండమ్మా," అన్నాడతను. ఆమె అతని చంకల కింద చేతులు వేసి, జానెడు జానెడుగా ఈడ్చుకుంటూ అడవిలోకి బయటపడింది.

నెల తరువాత, వాగు తగ్గాక, ఆమె ఊరివాళ్లను వెంటబెట్టుకుని అదే దారిన వచ్చింది.

"పెట్టెలు ముందు బయటికి తీయమంటారా?" అని ఒకడు అడిగాడు.

"ముందు మనుషుల్ని రానీయండి," అన్నది.

గొలుసులు తెంచి, ఎముకలను కొత్త బట్టల్లో చుట్టి బయటకు తెచ్చారు. మేడ ముందున్న పూలతోట తవ్వించి పన్నెండు గోతులు తీయించింది ఆమె. ఆ ఎముకల్లో తన ముత్తాతవి ఏవో సింహాద్రికి తెలియలేదు. కర్ర ఊతంతో నడుస్తూ, పన్నెండు గోతుల్లోనూ పిడికెడేసి మట్టి వేశాడు.