పులిపిండి కోసం దిగినవాడు

"ఈ కిటికీ మార్చారో, నోటీసు ఇస్తాను" అంది గెజీన, మొదటిసారి చూసిన రోజే.

హెల్డెన్‌ఫుర్ట్ అనే ఊళ్లో పాత కట్టడాలను చూసుకునే మునిసిపల్ ఉద్యోగిని ఆమె. నది వీధి మలుపులో నాలుగు వందల ఏళ్లుగా ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ బేకరీ యోస్ట్‌ది.

"మా బామ్మ చలికి వణికిపోతోందండీ. ప్లాస్టిక్ కిటికీ పెడితే మీ చరిత్ర చచ్చిపోతుందా?" అన్నాడు యోస్ట్.

"చచ్చిపోతుంది. రొట్టె మాత్రం బావుంది. ఇంకోటి ఇవ్వండి."

తర్వాత రెండేళ్లూ పోట్లాటే. తనిఖీ అంటూ ఆమె రావడం, ఆమె కోసం అతను వేడి రొట్టె దాచడం వీధంతా చూసింది. వాళ్లిద్దరికే అర్థం కాలేదు.

ఆ మార్చిలో ఐదు రోజులు వాన కురిసి, ఒక మధ్యాహ్నం నది గట్టు దాటింది. చర్చి గంటలు ఆగకుండా మోగాయి. జనమంతా ఊరి పక్క కొండ మీది కోటకి ఎక్కుతున్నారు. ఇళ్లు ఖాళీ చేయిస్తూ గెజీన మోకాలి లోతు నీళ్లలో బేకరీకి చేరింది. మూడు మెట్లపైన ఉన్న దుకాణం ఇంకా తడవలేదు. గుమ్మంలో బామ్మ ట్రూడె ఒక్కతే ఉంది. ముఖం పాలిపోయింది.

"రొట్టెలకి తోడు వేసే పులిపిండి కుండ కోసం యోస్ట్ నేలమాళిగలోకి దిగాడమ్మా. వాళ్ల తాత నాటిది. వీధి నీళ్లు లోపలికొచ్చి కింది తలుపుని నొక్కేశాయి. తెరుచుకోవడం లేదు!"

కింద దబదబ బాదుతున్న చప్పుడు. పైన దూలం ఒకటి టప్పున చిట్లింది. ఇల్లే కూలుతుందా?

గెజీనకి ఆఫీసులో చూసిన ఆ ఇంటి పాత పటం గుర్తొచ్చింది. గల్లా బల్ల కింద, ధాన్యం బస్తాలు దించే కంత ఒకటి ఉండాలి. బల్లని తోసేసి, పొయ్యి దగ్గరి ఇనుపకడ్డీ చెక్కల సందులో గుచ్చింది.

"యోస్ట్! వినపడుతోందా నీకు?"

"నీళ్లు మెడ దాకా వచ్చాయి గెజీనా... బామ్మని తీసుకుని వెళ్లిపో!"

"నోరు ముయ్యి!"

చెక్క కదల్లేదు. కింద చప్పుడు ఆగిపోయింది.

"యోస్ట్?"

చేతులు చీరుకుపోతున్నా ఒంటి బరువంతా కడ్డీ మీద వేసింది. చెక్క పెళ్లున లేచింది. జానెడు కిందే నల్లటి నీళ్లు. మోచేతి దాకా చేయి ముంచి తడిమింది. ఏమీ తగల్లేదు. మళ్లీ తడిమింది. చల్లటి వేళ్లు ఆమె మణికట్టుని పట్టుకున్నాయి.

పైకి లాగాక చెంప మీద ఒకటిచ్చింది. "కుండ కోసం చస్తావా?"

"చావుకి కాదు... నీకు చెప్పకుండానే పోతానేమోనని భయమేసింది."

"ఏం చెప్పకుండా?"

"అదే."

"అదే అంటే?"

"పళ్లు కొట్టుకుంటున్నాయి తల్లీ, ఇప్పుడే చెప్పించాలా?"

"చెప్పు."

"నువ్వంటే ప్రాణం."

బామ్మని చెరో పక్కా పట్టుకుని కోట దారి ఎక్కారు. వెనక్కి చూస్తే నీళ్లు దుకాణం గడపని ముంచేశాయి.

"ఇల్లు పోతే?" అన్నాడు యోస్ట్.

"మా ఇంట్లో పొయ్యి ఉంది" అంది గెజీన. "చిన్నదే."

"ముగ్గురికి సరిపోతే చాల్లే" అని బామ్మ ఇద్దరి చేతులూ కలిపి గట్టిగా పట్టుకుంది.