ఎడమకి లాగే బండి

పులివాగు దాటాక, కొండ దిగేటప్పుడు వచ్చే మలుపు మంచిది కాదు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా అక్కడ మూడుసార్లు హారన్ కొడతాను. కొట్టకుండా పోయే మొనగాణ్ణి మా కొండమీద ఒక్కణ్ణి చూపించండి.

నాలుగేళ్ల కిందట చాన్‌పెంగ్ అక్కడే పోయింది. పుట్టగొడుగులు ఏరుకుని ఇంటికి నడిచొస్తుంటే, మసక చీకట్లో ఏదో బండి గుద్దేసి పోయింది. పక్కనున్న తెల్ల సిమెంటు కిలోమీటరు రాయి కూడా విరిగిపడింది. గుద్దిందెవరో తెలియలేదు. జనం చూసింది తెల్లారాకే... అప్పటికి ఒళ్లు మంచుకి తడిసి చల్లబడిపోయింది.

ఆమె మొగుడు ఖంపన్ అక్కడే గుంజ పాతి, దాని మీద ఆమె ఆత్మకని చిన్న చెక్క గుడి నిలబెట్టాడు. రోజూ బంతిపూల దండ, ఒక సీసా ఎర్ర సోడా పెట్టేవాడు.

ఏడాది తిరిగాక ఖంపన్ అన్న బున్‌మా ఊరికొచ్చాడు. ఆ రోజుల్లోనే దక్షిణాదిన రబ్బరు తోటల్లో పనికి పోయి, మరదలి అంత్యక్రియలకి కూడా రాలేకపోయిన మనిషి. తన పాత పికప్ తాళాలు తమ్ముడి చేతిలో పెట్టాడు. "నాకింక నడపబుద్ధి కావట్లేదురా. నువ్వు క్యాబేజీ మోసుకో" అన్నాడు. తండ్రి లేని ఖంపన్‌కి ఆ అన్నే తండ్రి. ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ బండితోనే మొదలైంది.

సందె చీకట్లో లోడుతో దిగుతూ, సరిగ్గా ఆ గుంజ దగ్గరికి వచ్చేసరికి — స్టీరింగ్ దానంతటదే ఎడమకి తిరిగేది. ఎడమపక్కంతా లోయ. మర్నాడు మళ్లీ అంతే... అదే చోట, అదే పక్కకి.

ముందు చక్రాల్లో ఎడమ టైరు కూడా మూడు నెలలకే బయటి అంచు నున్నగా అరిగిపోయేది. లోపలి అంచు మాత్రం కొత్తదానిలా ఉండేది. కొండకింద షెడ్డులో మెకానిక్ లువాన్ తాత టైర్లు అటూ ఇటూ మార్చాడు, బాల్ జాయింట్లు కొత్తవి వేశాడు, అలైన్‌మెంట్ చేయించాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే అరుగుదల. ఇదంతా నాకు చెప్పింది ఆ తాతే.

ఇంకొకడైతే ఆ బండిని వదిలించుకునేవాడు. ఖంపన్‌కి భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. చాన్‌పెంగ్ నన్ను మర్చిపోలేదు, పిలుస్తోంది అనుకున్నాడు పిచ్చివాడు. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా "వస్తాలే... ఇంకొన్నాళ్లు ఆగు" అని గొణిగేవాడట.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం — ఖంపన్ "ఆగు" అనలేదు. స్టీరింగ్ మళ్లీ పట్టుకోనూ లేదు. బండి ఎడమకి పోయింది... ఇంకా పోయింది... ఒక చక్రం లోయ మీద గాల్లోకి వేలాడింది. వెనక చక్రాలు బురదలో దిగబడబట్టి మనిషి మిగిలాడు.

తాళ్లు కట్టి లాగించి షెడ్డుకి తెచ్చాక, లువాన్ తాత ఈసారి టైరు జోలికి పోలేదు. బండికి రెండు పక్కలా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దారం పట్టి కొలిచాడు. ఎడమపక్క రెండు వేళ్లు తక్కువొచ్చింది.

"ఒరేయ్, ఆ మలుపులో దణ్ణం పెడతావా?"

"పెడతాను తాతా."

"రెండు చేతులతోనా?"

"ఒంటిచేత్తో దణ్ణం ఎవరు పెడతారు?"

"మరి స్టీరింగ్ ఎవడు పట్టుకుంటాడ్రా, మీ తాతా? ఈ బండి ఎక్కడైనా ఎడమకే లాగుతుంది. మిగతాచోట్ల నీకు తెలీకుండానే నీ చేతులు సర్దుతున్నాయి. అక్కడొక్కచోటే వదిలేస్తున్నావు. లాగేది నీ పెళ్లాం కాదు, వంగిన చాసిస్."

నవ్వుతాడనుకున్నాడు ముసలాయన. ఖంపన్ బావురుమన్నాడు. మూడేళ్లుగా పిలుస్తోందనుకున్న మనిషి అసలు పిలవనే లేదు. దానికంటే అక్కడ దెయ్యం ఉండటమే నయమనిపించింది నాకు, ఈ మాట విన్నప్పుడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "చాసిస్ ఎందుకు వంగింది తాతా?" అన్నాడు.

తాత బండి కిందకి దూరి రంగు గోకాడు. లోపల పాత వెల్డింగ్ అతుకు బయటపడింది. "మోకాలెత్తు రాయి దేన్నో గట్టిగా గుద్దుకుంటే ఇలా..." అంటూ ఆగిపోయాడు. అతుకు మడతలో తెల్లరంగు సిమెంటు పెచ్చు ఇరుక్కుని ఉంది.

ఖంపన్ దాన్ని చూశాడు. లేచి అన్న ఇంటివైపు నడిచాడు. ఏం చేస్తాడోనన్న భయంతో లువాన్ తాత వెనకాలే పరిగెత్తాడు.

బున్‌మా అరుగు మీద కూచుని, జిగురన్నం మిరప పచ్చట్లో అద్దుకు తింటున్నాడు. తమ్ముణ్ణి చూసి "రా, తిందువుగాని" అని అన్నం బుట్ట ఇటు జరిపాడు.

"అన్నా... ఆ రాయిని గుద్దింది నువ్వేనా?"

బున్‌మా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"బండి ఆపావా?"

"ఆపాను... దిగాను కూడా."

"అప్పటికే పోయిందా?"

బున్‌మా చేతిలో ముద్దని తిరిగి బుట్టలో పెట్టేశాడు. పోయిందని ఒక్క అబద్ధం చెప్పరా నాయనా, అని లువాన్ తాత లోపల్లోపల మొక్కుకున్నాడట.

"లేదురా" అన్నాడు బున్‌మా గుసగుసగా. "నిన్ను పిలుస్తోంది."