ఎడమచేతి అబద్ధం

వంటింటి తలుపు పక్కకి జరిగే రకం. జరగమన్నప్పుడు మొండికెయ్యడం దాని అలవాటు. ఆ ఉదయం అమ్మడు కుడిచేతిలో పళ్లేలు, ఎడమచేతిలో గ్లాసులు పట్టుకుని వచ్చి, మోచెయ్యి నడుముకి ఆనించి, ఎడమ మణికట్టు వెనకవైపుతో ఒక్క తోపు తోసింది. తలుపు కిక్కురుమనకుండా పక్కకి తప్పుకుంది.

"రోజూ కుడిచేత్తో కదే తోస్తావు?" అంది తల్లి.

"ఏదో ఒక చెయ్యి. తెరుచుకుందిగా" అంది అమ్మడు.

తల్లి ఆ మాట అక్కడికి వదిలేసింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. బేస్‌బాల్ ఆడే పిల్లల భుజాల్లో ఎంత బలముందో కొలవడం ఆవిడ పని. మైదానంలో పిల్లలు ఆవిణ్ని కొలతలమ్మ అంటారు, ఆ పేరంటే ఆవిడకి లోలోపల గర్వమే. అదే మైదానంలో భర్త కోచ్. కూతురు బంతి విసరడానికి నిలబడితే చాలు, ఆయన ఛాతీ చొక్కాలో పట్టదు. ఆదివారం పెద్ద జట్టుకి ఎంపిక చేసేవాళ్లు ఆట చూడ్డానికి వస్తున్నారని తెలిసినప్పటి నుంచీ ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

సాయంత్రం మైదానం పక్క గదిలో కొలతలు మొదలయ్యాయి. పద్ధతి తేలికే. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి ముంజేతిని బయటికి నెట్టాలి. కొలతలమ్మ అరచేతిలో ఇమిడే మీటరుని మణికట్టు దగ్గర పెట్టి, కదలకుండా అడ్డుకుంటుంది. విసిరే చెయ్యి రెండో చేతికంటే బాగా తగ్గితే భుజం దెబ్బతింటోందని అర్థం. ఇక కొన్నాళ్లు బంతి ముట్టుకోకూడదు.

అమ్మడి వంతు వచ్చింది. విసిరే కుడిచెయ్యి కిందటిసారికంటే తగ్గింది. ఎడమచెయ్యీ అంతే తగ్గింది.

"రెండూ సమానం. ఇంకేం కావాలి?" అన్నాడు కోచ్. "ఆదివారం మొదటి బంతి మనమ్మాయిదే."

కొలతలమ్మ అంకెలు మళ్లీ చూసుకుంది. పొద్దున తలుపుని దారికి తెచ్చిన చెయ్యి, సాయంత్రానికి తన అరచేతిలో ఆవలిస్తోంది. ఇందులో ఏదో తిరకాసుంది అనుకుంది.

ఇంటికొచ్చాక బూట్లు విప్పకముందే చెప్పేసింది. "అమ్మడు ఆదివారం ఆడటం లేదు."

కోచ్ తాళాలు బల్ల మీద పడేశాడు. "నీ మిషనే కదా సమానమంది? దాన్ని నువ్వే నమ్మవా?"

"మిషన్ని నమ్ముతాను. మన పిల్లనే నమ్మను. ఈ పరీక్షలు చూస్తూ పెరిగింది. రెండూ సమానంగా వస్తే నేను నోరెత్తనని దానికి తెలుసు. అందుకే ఎడమచేత్తో కావాలని మెల్లగా నెట్టింది."

"సొంత కూతుర్ని దొంగని చేస్తావా?"

"దొంగతనం కాదండీ, తెలివి. ఆ తెలివి నాది, మొండితనం మీది."

అమ్మడు గోడకి ఆనుకుని నించుంది. "నేను బాగానే ఉన్నాను. నీకు నా ఆటంటే ఇష్టం లేదు. ఏదో ఒక వంక పెట్టి..."

ఆ మాట తల్లికి గుచ్చుకుంది. గుచ్చుకున్నా వెనక్కి తగ్గే మనిషి కాదావిడ. సంచీలోంచి మీటరు తీసి భర్త చేతిలో పెట్టింది. "నా మాట వద్దు. మీరే పట్టుకోండి. అంకె కూడా చూడక్కర్లేదు, మీ అరచేతికే తెలుస్తుంది. ముందు కుడిచెయ్యి."

ఆయన ఎన్నడూ ఆ మీటరు పట్టుకోలేదు. కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి బిగించి, హుషారుగా నవ్వాడు. "నెట్టమ్మా. నాన్నని పడగొట్టెయ్."

అమ్మడు పళ్లు బిగబట్టింది. మొహం కందిపోయింది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడాయన.

"కానీ తల్లీ, నెట్టు."

"నెడుతూనే ఉన్నాను నాన్నా."

ఆయన చెయ్యి దిగిపోయింది. ఎలా ఆడాలో తనే నేర్పిన భుజం అది. నొప్పి పెడుతున్న ఆ భుజాన్ని మెల్లగా నిమిరాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అందరికీ చెప్పేసుకున్నావుగా. ఆదివారం అయ్యాక చెబుదామనుకున్నాను."

కోచ్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. "చెప్పుకున్నది నేను. వెనక్కి తీసుకునేదీ నేనే. ఎంపికలు మళ్లీ వస్తాయి. ఆదివారం నా పక్కన కూర్చో. ఎవర్ని ఎప్పుడు దింపాలో నువ్వే చెప్పు."

అమ్మడు తల్లి వైపు తిరిగింది. "బాగవుతుందా అమ్మా?"

"నా చేతిలో పడ్డ భుజం బాగవక ఎక్కడికి పోతుంది? ఇప్పుడే ఆపాం కాబట్టి అవుతుంది. కానీ నాకు నిజం కావాలి. ఆ ఎడమచెయ్యి ఇలా తే."

అమ్మడు కళ్లు తుడుచుకుని మోచెయ్యి పక్కకి ఆనించింది. ఈసారి ఏమీ మిగుల్చుకోకుండా నెట్టింది. అరచెయ్యి అడ్డుపెట్టిన కొలతలమ్మ రెండడుగులు వెనక్కి వేసి, వంటింటి తలుపుకి వీపు తగిలి ఆగింది.

"ఓసి నా తల్లీ" అంది ఆవిడ అరచెయ్యి రుద్దుకుంటూ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "ఇంత బలం పెట్టుకుని నా దగ్గరే దాచావా?"