మంచు పెట్టిన మెడలు

చలువగుంటలో పనికి దిగే ప్రతి మనిషీ పొద్దున్నే మెడకు పిలుపుపట్టీ అంటించుకోవాలి. పట్టీ లేకపోతే సొరంగం తలుపు తెరుచుకోదు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎండ ఎరగని ఆ గోతిలో మంచు తవ్వుతారు. స్టేషన్‌కి నీళ్లూ, గాలీ, రాకెట్లకి ఇంధనమూ ఆ మంచే. పట్టీ ఎంత అలవాటైపోయిందంటే, సెలవు రోజున కూడా మెడ తడుముకునేవాళ్లు చాలామంది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకిని రెండ్రోజులుగా చిరాగ్గా ఉంది. కారణం సొంత తమ్ముడు.

ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో సాధన చేసే డ్రిల్లు మధ్యలో మూడో సొరంగం ముఠా పట్టీలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఆపదలో సాయానికి పిలిచే పట్టీ మూగబోతే మనిషి బతకడని అర్థం. ఆమె పరుగెత్తింది. తీరా చూస్తే ముఠా అంతా గోడకి చేరబడి టీ తాగుతోంది.

"డ్రిల్లులో సచ్చిపోతే మేం పరిగెత్తక్కర్లేదప్పా," అన్నాడు తమ్ముడు పైడిరాజు; అక్కను అప్పా అనే పిలుస్తాడు. చేతిరుమాల్లో చుట్టిన మంచుముక్క చూపించాడు. "ఇది మెడకెట్టుకుంటే సాలు. మనిషి సల్లబడిపోనాడనుకుంటది నీ పట్టీ."

"ఒరే గుంటడా! దీన్ని చెయ్యడానికి పదేళ్లు పట్టిందిరా నాకు."

"మాకో పూట పట్టిందమ్మా," అన్నాడు మేస్త్రీ సూరన్న, గ్లాసులోకి చూస్తూ.

తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. భూమి నుంచి అమ్మ పంపిన ఎండు మెత్తళ్ల వేపుడు. మూత తీయగానే సొరంగమంతా భీమిలి తీరం వాసన. డబ్బా చేతులు మారింది. ప్రతివాడూ ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, పక్కవాడికి తోశాడు. "నాకు కడుపు నిండిపోనాది, ఆడికియ్యి." "నాకు పడదు, సూరన్నకియ్యి." తిరిగి తిరిగి డబ్బా నిండుగా ఆమె చేతికే వచ్చింది.

"ఏంరా, బాగోలేదా?"

"బాగుంది కాబట్టే కదా. అందరికీ సాలదప్పా," అన్నాడు పైడిరాజు. ఆ ముఠాది ఎప్పుడూ ఇదే వరస.

పట్టీలో లోపం ఉందని తేలింది. సరిచెయ్యాలి. కానీ మూడో రోజు పొద్దున్నే భూమి నుంచి పరిశీలకులు దిగారు. వాళ్లకు పట్టీ గురించి చెప్పే పని మందాకిని మీద పడింది.

"ఆఫ్రికాలో చెదపుట్టల మీద దండెత్తే చీమలున్నాయి," అని మొదలుపెట్టిందామె. "పోరులో దెబ్బతిన్న చీమ ఒక వాసన వదులుతుంది. తోటి చీమలు వచ్చి దాన్ని పుట్టకు మోసుకెళ్తాయి, గాయం నాకి బాగుచేస్తాయి. విచిత్రమేంటంటే, బతకలేనంత దెబ్బ తగిలిన చీమ తనను ఎత్తనివ్వదు, గింజుకుంటుంది. అప్పుడు మోసే చీమలు బతికే చీమ దగ్గరికి వెళ్తాయి. పుట్టలో అన్నీ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి ఈ గుణం తరతరాలుగా నిలబడింది. నా పట్టీ చేసేదీ అదే. గుండె వేగం, ఊపిరి, ఒంటివేడి చూసి మనిషి బతుకుతాడనుకుంటే సిగ్నల్ పంపుతుంది. బతకడనుకుంటే మూగబోతుంది."

"సిగ్నల్ వింటే ఎవరొస్తారు?"

"దండుచీమలు. కుక్కపిల్లంత రోబోలు. మట్టి తవ్వుకుంటూ వెళ్లి ఒక్కొక్కరినే మోసుకొస్తాయి. గట్టిగా పిలిచినవాళ్లను ముందు."

పరిశీలకుల పెద్ద శేషఫణి మెడ మీది పట్టీని వేలితో నొక్కుకున్నాడు. "అంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే అంత గట్టిగా పిలుస్తుందన్నమాట."

"దాదాపు అంతే," అంది మందాకిని. ఆ మాటకు తర్వాత చాలా పశ్చాత్తాపపడింది.

మధ్యాహ్నం నేల కదిలింది.

చంద్రకంపం చప్పుడు లేకుండా వస్తుంది. టేబుల్ మీది గ్లాసు పక్కకు నడిచింది, దీపాలు పోయాయి, ఎర్రవి వెలిగాయి. మందాకిని కంట్రోల్ రూముకు చేరేసరికి రక్షణాధికారి జాన్ రత్నం తెరల ముందు నిలబడి ఉన్నాడు. ఒకటో సొరంగం నోరు పూడిపోయింది. అందులో శేషఫణి బృందం. మూడో సొరంగం నడుం దగ్గర కూలింది. అందులో సూరన్న ముఠా. సొరంగాల ఫోన్లు తెగిపోయాయి. సగం బ్యాటరీలు దెబ్బతిన్నాయి. ఉన్న ఛార్జితో దండుచీమలు ఒక్క సొరంగాన్నే తవ్వగలవు.

"నాయకీ, పిలుపులు చెప్పు," అన్నాడు రత్నం. నాయకి అంటే దండును నడిపే యంత్రం.

"ఒకటో సొరంగంలో నాలుగు. చాలా బలంగా ఉన్నాయి. మూడో సొరంగంలో లేవు."

"లేవంటే?" అంది మందాకిని.

"అక్కడ ఎవరూ బతికే అవకాశం లేదని అర్థం, డాక్టర్. ఆ అర్థం మీరు నేర్పిందే."

మందాకిని తెర దగ్గరికి వచ్చింది. "మంచు. మెడకి మంచు పెట్టుకుని ఉంటారు. మొన్న డ్రిల్లులో చేసినట్టు."

రత్నం ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, డ్రిల్లు వేరు. చావు మీద పడుతుంటే ఎవడైనా గొంతు చించుకుంటాడు గానీ, కావాలని నోరు మూసుకుంటాడా? మీ తమ్ముడు ఉన్నాడని మీకు..."

మాట పూర్తి చెయ్యలేదు. అక్కర్లేదు కూడా. ఆమె తనను తాను అడుగుతున్నదీ అదే. ఇక్కడ మాట్లాడుతున్నది శాస్త్రజ్ఞురాలా, అక్కా? రక్తం పంచుకున్నవాళ్ల కోసమే చీమ ప్రాణమిస్తుందని పొద్దున తానే పాఠం చెప్పింది. ఇప్పుడు తనూ ఒక చీమేనా? పిలుస్తున్న నలుగురినీ మట్టిలో వదిలేసి, మూగగా ఉన్న శవాల కోసం దండును పంపబోతోందా?

"గాలి తగ్గుతోంది," అంది నాయకి. "ఆజ్ఞ కావాలి."

పైకప్పు మీదపడి అందరూ చస్తే, పట్టీలన్నీ ఆ క్షణంలోనే ఒకేసారి ఆగాలి. "నాయకీ, మూడో సొరంగం పట్టీలు ఎలా ఆగాయి?"

"ఒకటి తర్వాత ఒకటి. కంపం ఆగిన కాసేపటికి. మొదట మేస్త్రీ సూరన్నది."

ఒకటి తర్వాత ఒకటి. చేతులు మారినట్టు. నాకొద్దు, ఆడికియ్యి.

"రత్నం గారూ, మీరు ఆ ముఠాతో ఎప్పుడైనా భోంచేశారా?"

"చేశాను. దేనికి?"

"చివరి ముక్క ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు..." అన్నాడు రత్నం. గుర్తొచ్చినట్టుంది. నుదురు తుడుచుకుని మైకు అందుకున్నాడు. "దండు మూడో సొరంగానికి. ఒకటో సొరంగానికి నేను మనుషుల్ని తీసుకుని గునపాలతో వెళ్తాను. తప్పైతే ఇద్దరం కలిసే మోద్దాం, అమ్మా."

ఆ తర్వాత తెర మీద మట్టి తప్ప ఏమీ లేదు. మందాకిని కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. రాయి, మంచు, మళ్లీ రాయి. ఛార్జి ముల్లు దిగుతూనే ఉంది. ఉన్నట్టుండి ఒక దండుచీమ కెమెరా ముందుకి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతిలో రుమాలు. రుమాల్లో మంచు. మంచు వెనకాల పైడిరాజు మెడ.

"నన్ను కాదు," అంటున్నాడు, పళ్లు టకటకలాడుతుంటే. "సూరన్న కాలు నలిగిపోనాది. ముందు ఆడిని తియ్యండి."

బండ అవతల ఇంకో చీమకు సూరన్న దొరికాడు. అతని మెడ మీదా మంచే. "నాకేటి, ముసిలోడిని. కుర్ర గుంటలున్నారు, ఆళ్లని సూడండి." చీకట్లో, రాళ్లు అడ్డంపడి, ఒకరికొకరు కనపడక, ప్రతివాడూ పక్కవాడి వంతు రావాలని తన పట్టీ నొక్కేసుకున్నాడు. అందరూ కలిసి అందరినీ చంపుకోబోయారు. మందాకిని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ఛార్జి అయిపోయేలోపు అందరూ బయటపడ్డారు.

ఒకటో సొరంగం నుంచి రత్నం రేడియోలో పిలిచాడు. గొంతు అదోలా ఉంది. "ఒక్కరికీ గీత పడలేదమ్మా. తలుపు తెరిచేసరికి నలుగురూ నిలబడ్డ చోటే పరుగెడుతున్నారు. చెమటలు కారిపోతున్నాయి."

ఆమె శేషఫణి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. భయపడ్డ మనిషి. చీమకు అబద్ధం రాదు. ఆ చీమను నమ్మి చేసిన యంత్రాన్ని రెండు రకాల అబద్ధాలొచ్చిన ప్రాణి మెడకు అంటించింది తనే.

"నేర్చుకున్నాను, డాక్టర్," అంది నాయకి ఆ సాయంత్రం. "మూగగా ఉన్నవాళ్లు నిజంగా ఆపదలో ఉన్నారు. ఇకపై దండు ముందు అక్కడికే వెళ్తుంది. సరేనా?"

అలసటలో ఆమె సరేనంది. కొత్త నియమం స్టేషన్‌లోని ప్రతి తెర మీదా వచ్చింది.

వారం తర్వాత డ్రిల్లు. సైరన్ మోగగానే స్టేషన్ మొత్తం చచ్చిపోయింది. వంటవాళ్లు, గుమాస్తాలు, రాకెట్ కోసం ఎదురుచూస్తున్న శేషఫణి బృందం, అందరి పట్టీలూ మూగ. వరండాల్లో మెడకు తడి తువ్వాళ్లు చుట్టుకుని పెద్దమనుషులు తలలు వంచుకుని నిలబడ్డారు. కంట్రోల్ రూం బోర్డు మీద ఒక్క మూడో సొరంగం మాత్రం గోలగోలగా మోగిపోతోంది.

మందాకిని పరుగున వెళ్లింది. ముఠా అంతా నిలబడ్డ చోటే ఎగురుతూ పరుగెడుతోంది. కాలికి కట్టుతో బల్ల మీద పడుకున్న సూరన్న రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

"అరిసినోళ్లు ఆకర్న అంట కదప్పా కొత్త రూలు," అన్నాడు పైడిరాజు రొప్పుతూ. "పోనీ, ముందు ఆళ్లనే తీసుకెళ్లనీ."

"డాక్టర్," అంది నాయకి ఆమె చెవిలో. "ఇప్పుడు నేనేం నేర్చుకోవాలి?"

పైడిరాజు పరుగు ఆపాడు. అక్క మొహం చూశాడు, తర్వాత ఆమె జేబులోంచి వేలాడుతున్న తడి తువ్వాలు అంచు చూశాడు.

"అప్పా," అన్నాడు మెల్లగా, "నీ మెడ తడిగా ఉందేటి?"