పావుగంట నోటుబుక్కు

"పడవొచ్చేసింది! సుబ్బలక్ష్మిగారొచ్చేశారు!"

మధ్యాహ్నం బడి వదలగానే పిల్లలంతా కొల్లేటి ఒడ్డుకి పరుగెత్తారు. చంద్రకళ మాత్రం వెనకాల నెమ్మదిగా నడిచింది. చేతిలో నోటుబుక్కు ఉంది. దాని అట్ట మీద చిన్న మరక కూడా లేదు.

అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది. సుబ్బలక్ష్మిగారిది ఏలూరు. మనిషి మనసు దేనివల్ల హాయిగా ఉంటుందో ఆవిడ పరిశోధన చేస్తున్నారు. వారం క్రితం ఈ లంక ఊరికి వచ్చి, ఐదో తరగతి పిల్లలకి తలో నోటుబుక్కూ ఇచ్చారు.

"రోజూ పొద్దున్నే పావుగంట ఒడ్డున ఊరికే కూర్చోండి. మాటలొద్దు, ఆటలొద్దు. ఏం చూశారో, మనసుకి ఎలా అనిపించిందో రాయండి. అంతే," అన్నారు.

ఆవిడంటే చంద్రకళకి ఎంతో గౌరవం కలిగింది. అంత చదువుకున్న మనిషి చెప్పులు విప్పి, బురదలోంచి నడిచి, వలలు అల్లే పెద్దింటమ్మ పక్కన గట్టు మీద చతికిలబడ్డారు. పెద్దింటమ్మ చెప్పిన ప్రతి మాటా రాసుకున్నారు. పెద్దింటమ్మ మాటలు ఎవరైనా రాసుకోవడం చంద్రకళ ఎప్పుడూ చూడలేదు. 'పెద్దయ్యాక నేనూ ఇలాగే ఉండాలి' అనుకుంది.

కానీ మొదటి రోజు ఒడ్డున కూర్చుంటే రెండు నిమిషాలకే విసుగేసింది. చీమ కుట్టింది. లేచి గచ్చకాయలాటకి పోయింది. రెండో రోజు నుంచి అసలు వెళ్లనే లేదు. నిన్న సాయంత్రం చాప మీద కూర్చుని ఏడు రోజులదీ ఒక్కసారే రాసేసింది. 'గూడబాతులను చూశాను. మనసు ఎంతో ఆనందంగా ఉంది.' ఏడు పేజీల్లోనూ దాదాపు అదే.

సుబ్బలక్ష్మిగారు బడి అరుగు మీద కూర్చుని ముందు మాణిక్యం పుస్తకం తీశారు. దాన్నిండా బురద వేలిముద్రలే. ఆవిడ పైకి చదివారు.

"'అమ్మ తిట్టింది. ఏడుపొచ్చింది. ఏ పిట్టనీ చూడలేదు. తర్వాత గాలికి తుంగ ఊగుతుంటే చూశాను. ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలీలేదు.' అబ్బ! ఎంత బాగా గమనించావమ్మా!"

తర్వాత చంద్రకళ పుస్తకం తెరిచారు.

"ఎంత చక్కటి దస్తూరీ! రోజూ ఆనందమే!" అంటూ తన పెద్ద పుస్తకంలో ఎక్కించడం మొదలుపెట్టారు. "పిల్లలందరికీ రోజూ ఈ పావుగంట ఇవ్వమని బడులవాళ్లని అడగాలమ్మా. అందుకే ఇవన్నీ పోగు చేస్తున్నాను."

చంద్రకళ ఆ కలం వంకే చూస్తోంది. ఒక పంక్తి అయింది. రెండోది మొదలైంది.

"అమ్మగారండీ... రాయకండి."

"ఏమ్మా?"

"నేను కూర్చోలేదండి. అన్నీ నిన్ననే రాసేశానండి."

సుబ్బలక్ష్మిగారు కలం పక్కన పెట్టారు.

"మరి రోజూ ఆనందమని ఎందుకు రాశావు?"

"అలా రాస్తే మీరు సంతోషిస్తారనుకున్నానండి."

"నన్ను సంతోషపెట్టమని అడగలేదమ్మా. నీకెలా ఉందో తెలుసుకుందామని వచ్చాను."

ఆ రెండు పంక్తులూ కొట్టేసి, ఆవిడ పుస్తకం తిరిగి ఇచ్చారు. "మళ్లీ వారం వస్తాను. విసుగేస్తే విసుగేసిందనే రాయి. అదీ నాకు కావలసిందే."

మర్నాడు పొద్దున్నే చంద్రకళ ఒడ్డున కూర్చుంది. మళ్లీ విసుగేసింది. 'విసుగ్గా ఉంది' అని రాసింది.

అంతలో గుప్పెడంత బుడబుంగ పిట్ట ఒకటి బుడుంగుమని నీళ్లలో మునిగింది. 'ఇక్కడే తేలుతుంది' అనుకుంది చంద్రకళ. అది ఎక్కడో తామరాకుల మధ్య తేలింది. మళ్లీ మునిగింది. చంద్రకళ ఊపిరి బిగబట్టి చూసింది. ఈసారి ఇంకోవైపు తేలింది!

బడికి వెళ్లేసరికి సూర్యనారాయణ మేష్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, ఇంత ఆలస్యం?"

'అమ్మకి జ్వరమండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చంద్రకళ దాన్ని మింగేసింది.

"బుడబుంగని చూస్తూ ఉండిపోయానండి. గంట కొట్టింది వినపడలేదండి."

మేష్టారు ఆమె వంక కాసేపు చూశారు. తర్వాత కొల్లేటి వంక చూశారు.

"ఇంతకీ ఎక్కడ తేలింది?"

"నేననుకున్న చోట ఒక్కసారి కూడా తేలలేదండి!" అంది చంద్రకళ నవ్వుతూ.